న్యూరెంబర్గ్ దస్త్రాలు

విదేశయాత్ర చేసి వచ్చినవారు అక్కడి కోటలను, వంతెనలను, విందులను వర్ణిస్తూ వ్యాసం వ్రాయడం ఆనవాయితీ. మేమూ కోట చూశాము, వంతెనలు దాటాము. విందు సంగతి మాత్రం చెప్పుకోదగినది కాదు. ఆ ఊరికి పేరు తెచ్చిన వేలెడంత సాసేజీలు పందిమాంసంతో చేసేవి కావడం వలన, అక్కడ ఉన్నన్నాళ్లూ టర్కీ సోదరుల హోటళ్లే మాకు శరణ్యమయ్యాయి. అయితే ఈ వ్యాసానికి కారణం వేరు. ముప్పైమూడు సంవత్సరాలు రెవెన్యూ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపిన మాకు, ఆ నగరంలో రాతి కట్టడాల వెనుక ఎక్కడ చూసినా కాగితాలే కనిపించాయి.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉంటున్నాడు. మొన్నటి వేసవిలో మా శ్రీమతితో కలిసి వెళ్లి న్యూరెంబర్గ్‌లో రెండు వారాలు గడిపాము. పాత నగరం చుట్టూ సుమారు అయిదు కిలోమీటర్ల ప్రాకారం, ఇసుకరాతి గుట్టపై చక్రవర్తుల కోట, దిగువన పెగ్నిట్జ్ నది, చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ నివసించిన ఇల్లు. చూపరులకు ఇదంతా మధ్యయుగాల నుండి చెక్కుచెదరక నిలిచినట్టే అనిపిస్తుంది. కాని 1945 జనవరి 2 నాటి బాంబుదాడిలో పాత నగరం దాదాపు నేలమట్టమైంది. మనం చూసే పాతదనంలో చాలా భాగం తర్వాత ఓపికగా తిరిగి కట్టినదే.

నగరం నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే విశాలమైన అంగడి కూడలి ఉంది. అక్కడి చర్చి గోడపై రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఏడు బొమ్మలు బయటికి వచ్చి చక్రవర్తి బొమ్మ చుట్టూ తిరుగుతాయి. 1509 నాటి ఏర్పాటు అది. యాత్రికులు సెల్‌ఫోన్లు పైకెత్తి నిలుచుంటారు. మేమూ నిలుచున్నాము. బొమ్మలు లోపలికి వెళ్లిన తర్వాత జనం చెదిరిపోతారు. ఆ చక్రవర్తి సంతకం చేసిన ఒక పత్రం సంగతి ఎందరికి తెలుసునో! ఆ కూడలి ఒకప్పుడు యూదుల వాడ. 1349 నవంబరులో నాలుగవ చార్లెస్ ఆ వాడను పడగొట్టి అంగడి చేసుకోవచ్చునని పట్టణానికి అనుమతి పత్రం ఇచ్చాడు. డిసెంబరులో మారణకాండ జరిగింది. 562 మంది యూదులు హతులయ్యారు. వారి ప్రార్థనాలయమైన సినగోగు ఉన్న చోటనే ఈ చర్చి లేచింది. ముందు అనుమతి పత్రం, తర్వాత హత్యలు: ఈ వరుసను గమనించాలి. ఆ తర్వాత 1499లో యూదులను ఊరి నుండే వెళ్లగొట్టారు. 1850 వరకు ఏ యూదునికీ అక్కడ స్థిరనివాసం దొరకలేదు.

ఆరు శతాబ్దాల తర్వాత కూడా పద్ధతి పెద్దగా మారలేదు. 1874లో యూదులు నదీతీరాన కట్టుకున్న పెద్ద సినగోగును 1938 ఆగస్టు 10న పడగొట్టడం మొదలుపెట్టారు. జర్మనీ అంతటా సినగోగులను తగులబెట్టిన నవంబరు రాత్రికి ఇది మూడు నెలల ముందటి మాట. ఇక్కడ మూక వచ్చి నిప్పు పెట్టలేదు. ఆ కట్టడం పాత నగర శోభకు నప్పడం లేదని పట్టణ పునర్నిర్మాణ చట్టం పేరు చెప్పి, యంత్రాలు తెచ్చి, జనం చూస్తుండగా కూల్చారు. అంటే ఎవరో ఒక గుమాస్తా నోట్ ఫైల్ పెట్టాడు, పై అధికారి 'ఆమోదించడమైనది' అని వ్రాశాడు. సాయంత్రం గోడకు నోటీసు అంటించి ఉదయానికి బుల్డోజరుతో వచ్చే ఉదంతాలను ఇటీవలి సంవత్సరాలలో చదివిన మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వనిదే ఏ ఇంటినీ కూల్చరాదని మన సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పవలసి వచ్చింది.

1935 సెప్టెంబరు 15న, నాజీ పార్టీ మహాసభలు జరుగుతున్న సమయంలో, జర్మన్ పార్లమెంటును ఈ నగరానికి రప్పించి రెండు చట్టాలు ఆమోదింపజేశారు. ఒకటి యూదులను పౌరసత్వానికి వెలి చేసింది. రెండవది యూదులకు, తక్కిన జర్మన్లకు మధ్య వివాహాలను నిషేధించింది. నలభై అయిదు సంవత్సరాల లోపు జర్మన్ స్త్రీలు యూదుల ఇళ్లలో పనికి ఉండరాదని కూడా చెప్పింది. రెండూ చిన్న చట్టాలు. అసలు పని నిబంధనలు చేశాయి. ఈ మర్మం ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసిన వారికి బాగా తెలుసు. యూదుడు అంటే ఎవరు? నవంబరు 14న వచ్చిన నిబంధన దీనికి జవాబిచ్చింది: నలుగురు తాత అవ్వలలో ముగ్గురు యూదులైతే మనుమడు యూదుడు. మరి ఆ తాత యూదుడని ఎట్లా తెలియాలి? ఆయన యూదమత సమాజంలో సభ్యుడై ఉంటే చాలు. పేరు రక్తానిది, పరీక్ష మాత్రం మతానిది. రక్తంలో ఏమీ దొరకదు గనుక చివరికి రిజిస్టర్లలో వెదికారు. దేశమంతటా జనన నమోదు కార్యాలయాల ముందు, చర్చిల ముందు జనం తాతముత్తాతల ధ్రువపత్రాల కోసం వరుసలు కట్టారు. అప్పటికి ఉద్యోగాలలో మిగిలి ఉన్న యూదు అధికారులను అదే నిబంధన కింద డిసెంబరు 31 నాటికి ఇంటికి పంపారు. 1938లో యూదు పేరుగా గుర్తింపు లేని పేరు గల యూదు పురుషుని పేరుకు 'ఇజ్రాయెల్', స్త్రీ పేరుకు 'సారా' చేర్చాలన్నారు. వారి పాస్‌పోర్టులపై 'జె' అక్షరం ముద్రించారు.

ఈ వివరాలను అక్కడి ప్రదర్శనలో చదువుతున్నంతసేపూ మాకు మా బల్ల గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ల క్రిందట ఒక ముదుసలి పింఛను దరఖాస్తుతో వచ్చింది. ఒక కాగితంలో ఆమె పేరు బీబీజాన్, మరొక దానిలో జాన్‌బీ. పేరు సరిచేయించుకొని రమ్మని మూడుసార్లు తిప్పి పంపాము. నాలుగవసారి ఆమె రాలేదు. నిబంధన మా వైపే ఉంది, పైగా మేమూ ఆమె మతం వారమే. అందులో ద్వేషం ఏమీ లేదు. న్యూరెంబర్గ్‌లో మమ్మల్ని కలవరపెట్టినది ఇదే. ద్వేషం నాయకుల దగ్గర ఉంటే చాలు. కింద బల్లల దగ్గర కూర్చున్నవారికి కేవలం విధేయత ఉంటే పని సాగిపోతుంది. అక్కడిదీ ఇక్కడిదీ ఒకటేనని మేము అనడం లేదు. అట్లా అనడం గ్యాస్ గదులలో చనిపోయిన వారిని అవమానించడమే అవుతుంది. కాని 2019లో అస్సాం పౌర పట్టిక నుండి 19 లక్షల మందికి పైగా, హిందువులు, ముస్లింలు ఇరువురూ, తాతల కాగితాలు చాలక మిగిలిపోయిన సంగతి, అదే సంవత్సరం పౌరసత్వ చట్ట సవరణలో మొదటిసారి మతం పేరు చేరిన సంగతి మనసులో పెట్టుకొని ఆ గదులలో నడిచే భారతీయ ముస్లిం, తక్కిన యాత్రికుల వలె నడవలేడు.

నగర పశ్చిమాన న్యాయస్థాన భవనంలో 600 సంఖ్య గల గది ఉంది. 1945 నవంబరు 20 నుండి 1946 అక్టోబరు 1 వరకు నాజీ ప్రముఖుల విచారణ అక్కడే జరిగింది. నాలుగు భాషలలో ఏకకాలంలో అనువాదం వినిపించే ఏర్పాటుతో, నిందితులు స్వయంగా సంతకాలు చేసిన కాగితాలే ప్రధాన సాక్ష్యాలుగా నడిచిన విచారణ అది. కాగితం రెండు వైపులా పదునున్న కత్తి అని అక్కడ తెలుస్తుంది. ఉరిశిక్ష పడిన పన్నెండు మందిలో యూలియస్ ష్ట్రైషర్ ఒకడు. అతడు సేనాని కాడు, మంత్రి కాడు. 1923 నుండి ఇదే ఊరి నుండి 'డేర్ ష్ట్యూర్మర్' అనే పత్రికను నడిపినవాడు. యూదులపై అబద్ధాలు, బూతు బొమ్మలు, భయాలు ప్రతి వారం అచ్చువేసి, దారిన పోయేవారు చదివేందుకు వీధులలో అద్దాల పెట్టెలలో పెట్టించాడు. తన చేతితో ఎవరినీ చంపాడని అతనిపై అభియోగం లేదు. వ్రాసినదే నేరమైంది. అదే బోనులో కూర్చున్న రేడియో వ్యాఖ్యాత హాన్స్ ఫ్రిట్జ్‌షె మాత్రం విడుదలయ్యాడు. మాటకూ హత్యకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ న్యాయమూర్తులకు కూడా తేలికగా తేలలేదన్నమాట. మన టీవీలలో రాత్రి తొమ్మిది గంటల చర్చలు నడిపేవారిని ఒకసారి ఆ గదికి యాత్రకు పంపాలనిపించింది.

అందరికీ శిక్ష పడిందా అంటే, లేదు. ఆ పౌరసత్వ చట్టానికి వ్యాఖ్యానం వ్రాసిన ఇద్దరిలో ఒకడు హాన్స్ గ్లోబ్కె, హోంశాఖ అధికారి. యూదుల పేర్ల నిబంధనలోనూ అతని చేయి ఉంది. అతడే 1953 నుండి 1963 వరకు పశ్చిమ జర్మనీ ప్రధాని కోన్రాడ్ అడెనవర్ కార్యాలయానికి అధిపతిగా ఉన్నాడు! జర్మన్లు తమ గతాన్ని ఎదుర్కొన్న తీరును లోకమంతా మెచ్చుకుంటుంది. మేమూ మెచ్చుకుంటాము. కాని అది ఒక్కనాడు కలిగిన పశ్చాత్తాపం కాదు. తరువాతి తరం తండ్రులను నిలదీస్తే, న్యాయస్థానాలు పాత ఫైళ్లు తిరగేస్తే, బాధితులు వదలకుండా వెంటబడితే దశాబ్దాల తర్వాత వచ్చినది. నాజీల మహాసభల కోసం కట్టి, అసంపూర్తిగా వదిలిన బ్రహ్మాండమైన రాతి భవనాన్ని ఒక మూల నుండి మరొక మూలకు చీల్చుకుంటూ గాజు, ఉక్కుల దారి వేసి అక్కడ చరిత్ర కేంద్రం తెరిచినది 2001లో. యుద్ధం ముగిసిన యాభైఆరేళ్లకు.

ఆ ఊరిలో మేము రెండుసార్లు వెళ్లిన చోటు మానవ హక్కుల వీధి. 1993లో ఇజ్రాయెల్ శిల్పి దానీ కరవాన్ అక్కడ తెల్లని స్తంభాలను వరుసగా నిలిపాడు. సార్వజనీన మానవ హక్కుల ప్రకటనలోని ముప్పై అధికరణలలో ఒక్కొక్కటి ఒక్కొక్క చోట, జర్మన్‌లోనూ మరొక భాషలోనూ చెక్కి ఉంది. మొదటిది యూదుల యిడ్డిష్ భాషలో. ఈ నగరం 1995 నుండి ఇస్తున్న మానవ హక్కుల పురస్కారాన్ని 2003లో మన తీస్తా సెతల్వాద్‌కు, పాకిస్తాన్‌కు చెందిన ఇబ్న్ అబ్దుర్ రహ్మాన్‌కు కలిపి ఇచ్చారు. గుజరాత్ బాధితుల పక్షాన నిలిచిన ఆమెను ఆ ఊరు గుర్తించింది. మన దేశంలో 2022లో ఆమె జైలుకు వెళ్లింది.

ఆ వీధికి దగ్గరలోనే మరొక స్మారకం ఉంది. అది పాత కథ కాదు. 2000 సెప్టెంబరు 9న ఎన్వర్ షిమ్‌షెక్ అనే టర్కీ పూలవ్యాపారిని ఈ నగరంలో తన పూలబండి దగ్గర కాల్చారు. 2001లో అబ్దుర్రహీం ఓజుదోరు అనే దర్జీని, 2005లో ఇస్మాయిల్ యాషర్ అనే కబాబు దుకాణదారుని ఇదే ఊరిలో చంపారు. దేశం మొత్తం మీద పది హత్యలు. హతులలో ఎనిమిది మంది టర్కీ మూలాలవారు, ఒకరు గ్రీకు, ఒకరు జర్మన్ పోలీసు ఉద్యోగిని. పోలీసులు ఏళ్ల తరబడి ఎవరిని అనుమానించారు? హతుల కుటుంబాలనే. మత్తుమందుల ముఠా అన్నారు, ఇంటి తగాదా అన్నారు. పత్రికలు 'కబాబు హత్యలు' అని పేరు పెట్టాయి. 2011 నవంబరులో గాని ఇది కొత్త నాజీల పని అని బయటపడలేదు. బయటపడిన వారంలోనే దేశ గూఢచార సంస్థలో సంబంధిత ఫైళ్లు యంత్రంలో వేసి ముక్కలు చేశారు. ఆ సంస్థ అధిపతి 2012లో పదవి వదులుకోవలసి వచ్చింది. ప్రధాని ఆంగెలా మెర్కెల్ కుటుంబాలకు క్షమాపణ చెప్పారు. నగరంలో 2013లో స్మారకం వెలిసింది. 2021లో ఒక కూడలికి షిమ్‌షెక్ పేరు పెట్టారు. మానవ హక్కులను రాతిలో చెక్కిన ఊరిలో, చెక్కిన ఏడేళ్లకు, ఒక ముస్లిం పూలవాడిని చంపితే పోలీసులు అతని భార్యనే ప్రశ్నించారు. రాళ్లు తమంతట తాము ఎవరినీ కాపాడవు.

జుమా నమాజు తర్వాత మేము ఈ సంగతులు మాట్లాడుతుండగా ఒక యువకుడు, మన హైదరాబాదు విద్యార్థి, కొంచెం నొచ్చుకొని అడిగాడు: "చాచా, గాజాలో అంత జరుగుతుంటే యూదుల మీద పడిన కష్టాలు మనకెందుకు?" అతని బాధ న్యాయమైనదే. తన గతాన్ని ఇంత శ్రద్ధగా గుర్తుంచుకున్న దేశమే ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపడం మాకూ మింగుడుపడలేదు. కాని గాజాకు న్యాయం కావాలంటూ మనం ఏ అంతర్జాతీయ న్యాయస్థానాల వైపు చూస్తున్నామో, వాటిలో యుద్ధ నేరాలను విచారించే హేగ్ న్యాయస్థానానికి పునాది ఆ 600వ గదిలోనే పడింది. ఒకరి దుఃఖాన్ని గుర్తిస్తే మరొకరి దుఃఖం తరిగిపోతుందన్న లెక్కను మనం ఒప్పుకుంటే, రేపు మన దుఃఖాన్ని పక్కవాడు గుర్తించవలసిన అవసరమేమిటి?

ఇంటికి తిరిగి వచ్చాక మమ్మల్ని వదలని ప్రశ్న మరొకటి. మన దగ్గర ఏముంది? 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో జరిగిన హింసను విచారించడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు పర్యటించారు. కనీసం 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని వారి నివేదిక అంచనా. అంతకుముందు రజాకార్లు గ్రామాలలో చేసిన దురాగతాలను కూడా మనం దాచకూడదు. దాచితే మన మాటకు విలువ ఉండదు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. మా తాలూకాలో ఆ రోజులలో పోయినవారి పేర్లు ఏ రాతి మీదా లేవు, ఏ రిజిస్టరులోనూ లేవు. కొన్ని ఇళ్లలో ముసలివారి నోళ్లలో ఉన్నాయి. ఆ ఏడు పదేళ్ల వయసున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నది. ఉత్సవాల పేరు 'విమోచన'మా, 'విలీన'మా అని ప్రతి సెప్టెంబరులో వాదించుకోవడానికి మాత్రం అందరికీ తీరిక ఉంది.

ఎవరో ప్రభుత్వం వారు స్తంభాలు నిలుపుతారని మేము ఎదురుచూడడం లేదు. బజారుకు వెళ్లి ఒక రూళ్ల పుస్తకం కొన్నాము. పాత అలవాటు కొద్దీ వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు, చెప్పినవారి పేరు అని గడులు గీశాము. రజాకార్ల చేతిలో పోయినవారికీ అదే పుస్తకంలో చోటు ఉంచాము. శుక్రవారం నమాజు తర్వాత ఒక్కొక్క ఇంటికి వెళ్తున్నాము. కొందరు తలుపు దగ్గరే, "ఇప్పుడెందుకు భాయ్ సాబ్, పిల్లలు వింటారు" అంటున్నారు. కొందరు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఒక పేరు చెప్పి చాలాసేపు మాట్లాడక ఊరుకుంటున్నారు. ఇప్పటికి పద్నాలుగు పేర్లు అయ్యాయి. పదిహేనవ పేరు చెప్పవలసిన అమ్మకు జ్వరం. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.