బీరువా కింద అట్టముక్క చాలదు



ఈసారి ఉగాది కార్యక్రమాల గురించి కాదు, చందాల గురించీ కాదు. బీరువా గురించి రాస్తున్నాం. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

దసరా సెలవులకు వెస్ట్ మాంబళంలో మన సభ్యులొకరి ఇంటికి మనవరాలు వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. బీరువా తలుపు దానంతట అదే తెరుచుకుంటే, కింది అర మీద కాలు పెట్టి పై అరలో ఉన్న బొమ్మ కోసం ఎక్కింది. బీరువా ముందుకు ఒరిగింది. ఎదురుగా మంచం పట్టె అడ్డుపడింది కాబట్టి పిల్ల దక్కింది. మంచం ఇంకో రెండడుగులు అవతల ఉంటే ఈ పోస్టు మరోలా ఉండేది.

మేము వెళ్లి చూశాం. ముందు కాళ్ల కింద నాలుగు మడతల అట్టముక్క. రోజూ ఇల్లు తుడిచే తడికి నాని అప్పడంలా అణిగిపోయింది. "పదేళ్లుగా అలాగే ఉందండీ, ఏమీ కాలేదు" అన్నారు పెద్దాయన. నిజమే. కానీ ఆ పదేళ్లలో ఆ ఇంట్లో దాన్ని ఎక్కే వయసు పిల్లలు లేరు.

మన ఇళ్లలో నేల సమంగా ఉండదు. అది మేస్త్రి చేతకానితనం కాదు. ఇల్లు కడిగితే నీళ్లు తూములోకి పోవాలని పాత ఇళ్లలో కావాలనే వాటం ఇచ్చారు. మైలాపూరు, తిరువళ్లిక్కేణి వైపు పాత ఇళ్లలో బకెట్ నీళ్లు పోసి చూడండి, తెలిసిపోతుంది. అపార్టుమెంట్లలో కింది అంతస్తువాళ్లది ఇంకో బాధ. నగరంలో చాలాచోట్ల బంకమన్ను. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. టైల్స్ కింద నింపిన మన్ను సరిగా దిమ్మిస కొట్టకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఓ మూల కుంగుతుంది.

దీనికి మన వాస్తు తోడైంది. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలంటాం. బరువైన బీరువా నైరుతి మూలలో, తలుపులు ఉత్తరానికి తెరుచుకునేలా పెట్టాలంటాం. నమ్మకం మీది, కాదనం. కానీ రెండూ కలిపి చూడండి. నేల వాలేది ఈశాన్యానికి, బీరువా ముఖం ఉత్తరానికి. అంటే వాస్తు పక్కాగా చూసుకున్న ఇంట్లోనే బీరువా గదిలోకి, మనుషుల మీదికి ఒరిగి నిలబడుతుంది! తలుపు దానంతట అదే తెరుచుకుంటోందంటే లక్ష్మీదేవి వస్తోందని కాదు, వాటం ముందుకుందని అర్థం.

లెక్క చూడండి. బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, లోతు ఒకటిన్నర అడుగు అనుకుందాం. ముందు కాళ్లు అర అంగుళం దిగితే పైభాగం రెండు అంగుళాలకు పైగా ముందుకు వస్తుంది. ఆపై తలుపులు తెరిస్తే వాటి బరువూ ముందుకే. వెండి సామాను, పాత ఆల్బమ్‌లు పై అరల్లో పెడితే ఇక చెప్పనక్కర్లేదు.

2015 డిసెంబరు వరదల తర్వాత కింది అంతస్తుల్లో మరో అలవాటు మొదలైంది. నీళ్లొస్తాయేమోనని కాళ్ల కింద రెండేసి ఇటుకలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చాక ఇటుకలు ఇంకా పెరిగాయి. భయం అర్థమవుతుంది, కానీ విడి ఇటుకల మీద బీరువా కుదురుగా ఉండదు. ఎత్తు కావాలంటే బీరువా కంటే వెడల్పుగా, నాలుగు కాళ్లకూ కలిపి ఒకే ఇనుప స్టాండు చేయించండి.

ఇది మన ఒక్కరి సమస్యా కాదు. 2016 జూన్‌లో ఐకియా కంపెనీ అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించకపోతే ఒరిగి పిల్లల మీద పడుతున్నాయని. పిల్లలు చనిపోయారు కూడా. 2022లో అక్కడ ఇందుకోసం చట్టమే వచ్చింది. మన పిల్లలు మాత్రం ఎవరి దయ మీద ఉండాలి?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ముందు బీరువా ఖాళీ చేయండి. మేస్త్రి దగ్గరుండే రసమట్టం అడుగు పలక మీద పొడవునా ఒకసారి, లోతు వైపు ఒకసారి పెట్టి చూడండి. ఎత్తుగా ఉన్న మూలను అలాగే ఉంచి, మిగతా కాళ్లను దాని మట్టానికి తేవాలి. అట్ట, పేపరు, రబ్బరు వద్దు. అణగని గట్టి ప్లాస్టిక్ బిళ్లలు గానీ, ఇనుప వాషర్లు గానీ పెట్టండి. కాలు మొత్తం వాటి మీద ఆనాలి. రెండు తలుపుల మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా కనిపిస్తే చట్రం మెలిక లేకుండా నిలబడిందన్నమాట.

తర్వాత గోడకు బిగించండి. మట్టం చేసినంత మాత్రాన పిల్ల ఎక్కితే పడదని కాదు. అడుగున స్కర్టింగ్ వల్ల బీరువా గోడకు ఆనదు. పైన ఆ ఖాళీలో చెక్క పట్టీ పెట్టి, ఎల్ క్లాంపుతో బిగించాలి. పాత సున్నపు గోడల్లో ప్లగ్గు పూతలో కాదు, ఇటుకలోకి దిగాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, లోపల వైర్లుంటాయి.

"ఇంటి ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వడండీ" అంటారు చాలామంది. అడగకుండానే అంటారు. ఖాళీ చేసేటప్పుడు రెండు రంధ్రాలూ పూడ్చి రంగు వేసి ఇస్తామని కాగితం మీద రాసి అడగండి. ఓనర్లుగా ఉన్న మన సభ్యులకూ ఒక మాట. గోడ మీద రెండు చిల్లులు పూడుతాయి. మరీ మొండికేయకండి.

మా అభిప్రాయం ఒక్కటే. ఈ పని ఎవరికివారు చేసుకోవాలని వదిలేస్తే జరగదు. డెబ్బై దాటిన దంపతులు ఇద్దరే ఉన్న ఇంట్లో బీరువా ఎవరు కదుపుతారు? సంఘం తరఫున ఒక రసమట్టం, ఒక డ్రిల్ మెషిన్ కొందాం. నెలకో ఆదివారం నలుగురు కుర్రాళ్లు పెద్దవాళ్ల ఇళ్లకు వెళితే చాలు. ఒక్కో ఇంటికి గంట పని. పెద్దాయన ఇంట్లో మేమిద్దరం చేసింది అంతే. పని అయ్యాక ఆయన చేత్తో బీరువాను ఊపి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి మాకు కాఫీ చెప్పారు.

సంక్రాంతికి మనవలు మళ్లీ వస్తారు. ఈలోపు మీ ఇంటి బీరువా కింద ఏముందో ఒక్కసారి వంగి చూడండి. అట్టముక్క కనిపిస్తే కింద కామెంటులో "ఉంది" అని రాయండి. వస్తాం.