ముందు వెచ్చదనం, తరువాతే పాలు

చిత్తకార్తె కుక్కల సంగతి తెలియని తెలుగువారుండరు. ఆ కార్తె వచ్చేది అక్టోబరు రెండోవారంలో. కుక్క చూలు సుమారు 63 రోజులు. లెక్క వేసి చూడండి, పిల్లలు పుట్టేది సరిగ్గా ధనుర్మాసం ముందూ వెనుకా, చలి ముదిరే రోజుల్లో! మీ మెట్ల కిందో, పక్కింటి ఇసుక కుప్ప మీదో కూనలు కుయ్యిమనేది అప్పుడే.

తెల్లవారి చూస్తే ఒక కూన చల్లబడి, కదలకుండా పడి ఉంటుంది. ఆకలికి సొమ్మసిల్లిందని జాలిపడి, పాలు వెచ్చచేసి దూదితో నోట్లో పిండుతారు. కాసేపటికి అది కాస్తా ప్రాణం విడుస్తుంది. "పాలు పట్టినా బతకలేదు" అని బాధపడతారు. చల్లబడిన కూనకు పాలు పట్టడమే ముప్పని చాలామందికి తెలియదు.

ఎందువల్ల?

పెద్ద కుక్క ఒంటి వేడి సాధారణంగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మొదటి వారంలో కూనకు ఉండేది 95 నుంచి 99 డిగ్రీలే. వణుకు అనేది ఒంట్లో వేడి పుట్టించే ఉపాయం. మొదటి వారంలో కూనకు ఆ వణుకు కూడా రాదు. మూడు నాలుగు వారాలు నిండేదాకా తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్లే దానికి దుప్పటి. ఒంటి వేడి 94 డిగ్రీలకు దిగువకు జారితే పేగుల కదలిక మందగిస్తుంది. తాగిన పాలు అరగవు. మింగే శక్తి లేక పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కూడా.

ఏం చెయ్యాలి?

కూనను పొడిగుడ్డతో తుడిచి, మీ ఒంటికి ఆనించి శాలువా కప్పండి. లేదా సీసాలో వేడినీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, తువ్వాలు రెండు మడతలు చుట్టి పక్కన పెట్టండి. వేడినీళ్లలో ముంచవద్దు, మంటకు దగ్గరగా పెట్టవద్దు. నెమ్మదిగా, గంట రెండు గంటల్లో వేడెక్కాలి. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలి, ఆ వేలిని చీకుతుంటే అప్పుడు తల్లి దగ్గరకు చేర్చండి. తల్లి లేకపోతే పశువైద్యుణ్ని అడిగి, కుక్కపిల్లలకని అమ్మే పాలపొడి వాడండి. ఆవుపాలు కుక్కపాలంత చిక్కన కావు. పట్టేటప్పుడు కూన బోర్లా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టవద్దు.

పక్క ఎలా ఉండాలి?

గచ్చునేల చలిని గుంజుతుంది. కింద చెక్కపీట, దానిపై మడతపెట్టిన గోనెసంచి, పైన పాత చీర పరచండి. తడిసినప్పుడల్లా మార్చండి. గాలి కొట్టని మూల చూడండి. అట్టపెట్టె దగ్గర బల్బు పెట్టదలిస్తే పాతరకం తీగ బల్బు కావాలి. ఎల్.ఇ.డి. బల్బు వెలుగే ఇస్తుంది గాని వేడి ఇవ్వదు. అది గుడ్డకు తగలకూడదు. వేడెక్కువైతే కూనలు పక్కకు జరగడానికి చోటుండాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు, కుక్కలకే కాదు, మీకూ ప్రాణాపాయమే.

పెద్దకుక్కల మాట

బొచ్చు తక్కువగా ఉన్నవి, ముసలివి, చిక్కినవి చలికి త్వరగా లొంగిపోతాయి. ఆదిలాబాద్, లంబసింగి వంటిచోట్ల రాత్రి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉన్నప్పుడు వాటిని ఆరుబయట కట్టెయ్యవద్దు. స్నానం ఎండెక్కాక గోరువెచ్చని నీళ్లతో చేయించి, తడి పూర్తిగా ఆరేదాకా వదలకండి. చలికాలంలో బొచ్చు గొరిగించకండి. వణుకుతున్న కుక్క వణుకు మాని, తూలుతూ మగతగా పడుకుంటే తేరుకుందని అనుకోకండి. అది అపాయ సూచన. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ముసలికుక్క కీళ్లనొప్పులతో కుంటుతుంటే ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు వెయ్యకండి. మనకు పనిచేసే మోతాదే దాని కాలేయాన్నో, మూత్రపిండాలనో దెబ్బతీయవచ్చు.

చివరగా ఒక జాగ్రత్త. ఈనిన కుక్క కూనల జోలికి వస్తే కరుస్తుంది. తల్లి పక్కకు వెళ్లినప్పుడే గోనె పరచండి, పిల్లల్ని దగ్గరకు పంపకండి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. గాయం మీద కారం, సున్నం పెట్టవద్దు.

ఈ చలికాలం మీ ఇంటి పాత గోనెసంచి ఒకటి పారెయ్యకుండా ఉంచండి. గుక్కెడు పాలకంటే ముందు కూనకు కావలసింది అదే.