ఐసు కరిగితే ఎంత మిగులు?

మే నెల మిట్టమధ్యాహ్నం, సూర్యాపేట. ఎండ 40 డిగ్రీలు. చెరుకురసం బండి మీద గోనెపట్టా కప్పిన ఐసుగడ్డ బొట్టుబొట్టుగా కారిపోతోంది. ఆ నీళ్లు వాటంతటవే మళ్లీ గడ్డకట్టి, తీసుకున్న వేడిని గాలికి తిరిగిచ్చేస్తే? శక్తి లెక్క ఎక్కడా తప్పదు. అయినా అలా జరగదు.

ఎందుకు జరగదో చెప్పేదే ఎంట్రోపీ. 1865లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ పెట్టిన పేరిది. ఇంటర్ పిల్లల్ని హడలెత్తిస్తుంది గానీ, లెక్క మరీ కష్టమేం కాదు. ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు, అందిన వేడిని కెల్విన్‌లలోని ఆ ఉష్ణోగ్రతతో భాగిస్తే చాలు.

కిలో ఐసు కరగడానికి 3,34,000 జౌళ్ల వేడి కావాలి. ఐసు ఉన్నది 273 కెల్విన్ల దగ్గర. కాబట్టి దాని ఎంట్రోపీ 1,223 పెరిగింది. అదే వేడిని పోగొట్టుకున్న గాలి 313 దగ్గరుంది. దానికి తగ్గింది 1,067 మాత్రమే. మిగిలిన 156 ఎవరూ వెనక్కి తీసుకోలేని మిగులు. ఇలాంటి మార్పునే పుస్తకాల్లో అనుత్క్రమణీయం అంటారు. గాలి కూడా సున్నా డిగ్రీలకు వెంట్రుకవాసి పైన ఉంటే మిగులు దాదాపు సున్నా. అది ఉత్క్రమణీయం. కాకపోతే ఐసు కరిగేసరికి బేరం దాటిపోతుంది!

హైవే మీద కోదాడ దగ్గర లారీ బ్రేకు వేసినా ఇదే కథ. వేగమంతా డ్రమ్ములో వేడిగా మారుతుంది. డ్రమ్ము చల్లారినంత మాత్రాన లారీ కదలదు.

అసలు డబ్బు లెక్క మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఉంది. ధాన్యం బరువులో దాదాపు ఐదోవంతు ఊకే. దాన్ని బాయిలర్లో కాల్చి, ఆ ఆవిరితో వడ్లు ఉడికిస్తారు. మంట 1,000 కెల్విన్లు, ఆవిరి 373 అనుకుందాం. పది లక్షల జౌళ్లు చేతులు మారితే మంట వైపు తగ్గేది 1,000, ఆవిరి వైపు పెరిగేది 2,680. వేడి ఒక్క జౌలు కూడా పోలేదు. పోయింది దాని సత్తా. వడ్లు ఉడకడానికి వంద డిగ్రీల ఆవిరి సరిపోతుంది. అంత మంటను నేరుగా అక్కడికి దించడమంటే సాగర్ నీటిని టర్బైను తిప్పకుండా కిందికి వదిలేయడమే.

అందుకే ముందు ఎక్కువ ఒత్తిడి ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీసుకుని, బయటికొచ్చిన ఆవిరితో వడ్లు ఉడికించే పద్ధతి ఉంది. కోజనరేషన్ అంటారు. ఒకే ఊకతో మిల్లు మోటార్లకు కరెంటు, వడ్లకు ఆవిరి. అయితే ఆ ఒత్తిడిని తట్టుకునే బాయిలరు ఖరీదు ఎక్కువ, నడిపేవాళ్లకు శిక్షణ కావాలి. చిన్న మిల్లుకు గిట్టుబాటు కాకపోవచ్చు.