దామగుండం అడవికి, నడిసముద్రంలోని సబ్‌మెరైన్‌కు లింకేంటి? జలాంతర్గాముల యుద్ధ చరిత్ర చెప్తున్న పాఠం ఇదే..

వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం. చుట్టూ దట్టమైన అడవి, మధ్యలో పాత రామలింగేశ్వర స్వామి ఆలయం. సముద్రం కావాలంటే ఎటు వెళ్లినా వందల కిలోమీటర్లు వెళ్లాలి. అలాంటి చోట ఇండియన్ నేవీకి ఏం పని?

2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇక్కడ నేవీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని ఇందుకోసం కేటాయించారు. అందరూ దీన్ని 'రాడార్ స్టేషన్' అంటున్నారు. నిజానికి ఇది రాడార్ కాదు. రాడార్ అంటే దూరంగా ఉన్న విమానాన్నో, ఓడనో కనిపెట్టేది. దామగుండంలో వచ్చేది సముద్రం లోపల ఉన్న మన సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే వీఎల్ఎఫ్ కేంద్రం. అంటే వెరీ లో ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌మిటర్.

సబ్‌మెరైన్ బలమంతా అది ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంది. కానీ దానికి ఒడ్డు నుంచి ఆదేశాలు అందాలి కదా? దాక్కోవాలి, అదే టైంలో టచ్‌లోనూ ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. వందేళ్లకు పైగా సబ్‌మెరైన్ యుద్ధాల్లో ఎవరు గెలిచారు, ఎవరు మునిగారు అన్నది చాలాసార్లు ఈ దగ్గరే తేలింది. ఆ కథేంటో చూద్దాం.

మొదట్లో అసలు శత్రువు నీళ్లే!

1864 ఫిబ్రవరి 17. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది. దక్షిణాది రాష్ట్రాల సేనలకు చెందిన హన్లీ అనే చిన్న సబ్‌మెరైన్, చార్లెస్టన్ తీరంలో హౌసాటోనిక్ అనే యుద్ధనౌకను ముంచేసింది. ఒక యుద్ధనౌకను సబ్‌మెరైన్ ముంచడం చరిత్రలో అదే ఫస్ట్ టైం. ఇంజిన్ లేదు. లోపలున్న 8 మందిలో ఏడుగురు చేత్తో తిప్పితేనే అది కదిలేది. ఆ రాత్రి హన్లీ కూడా తిరిగి రాలేదు. అంతకుముందు ట్రయల్స్‌లోనే రెండుసార్లు మునిగి మనుషుల్ని బలి తీసుకుంది.

50 ఏళ్లు తిరిగేసరికి సీన్ మారిపోయింది. పైన తేలినప్పుడు ఇంజిన్, మునిగినప్పుడు బ్యాటరీ.. ఈ పద్ధతి వచ్చింది. 1914 సెప్టెంబర్ 22న జర్మనీకి చెందిన యూ-9 గంటన్నరలోపే మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచింది. దాదాపు 1,450 మంది చనిపోయారు. యూ-9లో ఉన్న సిబ్బంది మాత్రం 30 మంది కూడా లేరు. పెద్ద నేవీలకు అప్పుడర్థమైంది, ఇది ఆటబొమ్మ కాదని.

మరుసటి ఏడాది మే 7న లుసిటానియా అనే ప్రయాణికుల నౌకను యూ-20 ముంచింది. దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో 128 మంది అమెరికన్లు. 1917 ఫిబ్రవరిలో జర్మనీ 'కనిపించిన ప్రతి ఓడనూ ముంచుతాం' అన్న దారి పట్టింది. ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అమెరికా రావడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, పెద్ద కారణాల్లో ఇదొకటి.

మాట్లాడారు.. దొరికిపోయారు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ల అధిపతి కార్ల్ డోనిట్జ్ కొత్త ప్లాన్ వేశాడు. ఒక్కో సబ్‌మెరైన్ విడివిడిగా కాకుండా, తోడేళ్ల గుంపులా ఒకేసారి ఓడల వరుస మీద పడటం. అట్లాంటిక్‌లో మొదట్లో ఇది బాగా వర్కవుట్ అయింది.

కానీ గుంపు కట్టాలంటే ఒకరితో ఒకరు మాట్లాడాలి. ఓడలు ఎక్కడ కనిపించాయో రేడియోలో ఒడ్డుకు చెప్పాలి, ఒడ్డు నుంచి ఆదేశాలు రావాలి. అక్కడే దెబ్బ పడింది. రేడియో తరంగం ఏ దిక్కు నుంచి వస్తుందో పసిగట్టే పరికరాలు మిత్రరాజ్యాల ఓడలకు ఎక్కాయి. ఇంకోపక్క బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో ఎనిగ్మా కోడ్‌ను ఛేదించారు. పైనుంచి రాడార్ ఉన్న విమానాలు తోడయ్యాయి. 1943 మే ఒక్క నెలలోనే 41 జర్మన్ సబ్‌మెరైన్లు పోయాయి. డోనిట్జ్ తన బలగాన్ని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది.

యుద్ధం ముగిసేసరికి జర్మన్ సబ్‌మెరైన్లలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో దాదాపు 30 వేల మంది లేరు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు తిరిగి రాలేదు.

ఇక్కడే దామగుండానికి సంబంధించిన పాయింట్ ఒకటుంది. నీళ్లలో ఉన్న సబ్‌మెరైన్ పైకి రాకుండానే ఆదేశాలు వినాలని జర్మనీ 'గోలియత్' అనే భారీ వీఎల్ఎఫ్ కేంద్రాన్ని కట్టింది. 1943లో అది పని మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక సోవియట్ సైన్యం దాన్ని విప్పి, తమ దేశానికి తరలించి, మళ్లీ నిలబెట్టుకుంది. ఓడిపోయిన దేశం నుంచి ఏరి మరీ తీసుకెళ్లారంటే దాని విలువేంటో ఊహించుకోవచ్చు.

1971.. విశాఖ తీరంలో వైర్‌లెస్ ఎర

మనకు తెలిసిన కథలోనూ రేడియోదే కీ రోల్. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్థాన్ తన ఘాజీ సబ్‌మెరైన్‌ను బంగాళాఖాతంలోకి పంపింది. మన నేవీ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచేసింది. పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గర తిప్పుతూ, పెద్ద ఓడ ఉన్నట్టు నమ్మించేలా వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. ఘాజీ విశాఖ వైపు వచ్చింది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. ఘాజీ తన సిబ్బంది మొత్తంతో సహా సముద్రం అడుగుకు చేరింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే అని మన నేవీ చెప్తుంది. ప్రమాదవశాత్తూ తన మైన్లే పేలాయని పాకిస్థాన్ వాదన. ఈ కథనే 2017లో సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' సినిమాగా తీశారు.

ఇక్కడితో ఆగితే సగం కథే. డిసెంబర్ 9 రాత్రి పాక్ సబ్‌మెరైన్ హంగోర్, గుజరాత్ తీరానికి దూరంగా మన ఐఎన్ఎస్ ఖుక్రీని టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదల్లేదు, దానితో పాటే వెళ్లిపోయారు. సబ్‌మెరైన్ యుద్ధం ఎవరి పక్షం వహించదు. ముందు ఎవరు దొరికితే వాళ్లది.

అణుశక్తి వచ్చాక రూల్స్ మారిపోయాయి

అప్పటిదాకా సబ్‌మెరైన్ అంటే అవసరమైనప్పుడు మునిగే పడవ, అంతే. బ్యాటరీ చార్జింగ్ కోసం ఇంజిన్‌కు గాలి కావాలి, గాలి కోసం నీటిపైకి రావాలి. 1955 జనవరిలో అమెరికా నాటిలస్ అణుశక్తితో సముద్రంలోకి కదిలింది. మూడేళ్లకు మంచు కిందుగా ఉత్తర ధ్రువాన్ని దాటింది. ఇక తిండి సరుకులు ఉన్నంతకాలం లోపలే ఉండొచ్చు. 1960 జులైలో జార్జ్ వాషింగ్టన్ అనే సబ్‌మెరైన్ నీళ్లలోంచే పొలారిస్ మిస్సైల్‌ను ప్రయోగించింది.

సింపుల్‌గా చెప్పాలంటే, ఓడల్ని ముంచే ఆయుధం కాస్తా నగరాల్ని బూడిద చేయగల ఆయుధం అయింది. దేశం మీద అణుదాడి జరిగి అంతా నాశనమైనా, సముద్రంలో దాగిన సబ్‌మెరైన్ తిరిగి కొట్టగలదు. ఈ భయమే శత్రువును ఆపుతుందన్నది లెక్క.

ఆ సబ్‌మెరైన్‌కు కమ్యూనికేషన్ తెగిపోతే? 1962 అక్టోబర్ 27న, క్యూబా సంక్షోభం పీక్‌లో ఉన్నప్పుడు అదే జరిగింది. సోవియట్ సబ్‌మెరైన్ బీ-59లో అణు టార్పెడో ఉంది. మాస్కోతో సంబంధాలు లేవు. పైన అమెరికా ఓడలు దాన్ని పైకి రప్పించేందుకు ప్రాక్టీస్ డెప్త్ చార్జీలు వేస్తున్నాయి. లోపల ఊపిరాడని వేడి. యుద్ధం మొదలైపోయిందనుకున్న కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడని, వసీలీ అర్కిపోవ్ అనే అధికారి ఒప్పుకోకుండా శాంతపరిచాడని ఆ సిబ్బందిలో ఒకరు తర్వాత చెప్పారు. చివరకు బీ-59 పైకి తేలింది. ఆ రోజు బయట ఏం జరుగుతుందో చెప్పే ఒక్క నమ్మకమైన సందేశం లోపలికి అంది ఉంటే, అంత ప్రమాదం దాకా వెళ్లేది కాదు.

మరి దామగుండం ఎందుకు?

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. అణ్వాయుధాలను ముందుగా వాడబోమన్నది భారత్ విధానం. అంటే మొదటి దెబ్బ తిన్నా తిరిగి కొట్టే సత్తా ఉండాలి. ఆ బాధ్యతలో కీలకం విశాఖలో తయారైన అణు సబ్‌మెరైన్లు. ఐఎన్ఎస్ అరిహంత్ 2009లో జలప్రవేశం చేసింది, 2018లో తొలి డిటరెన్స్ పెట్రోలింగ్ పూర్తి చేసింది. ఐఎన్ఎస్ అరిఘాత్ 2024 ఆగస్టు 29న నేవీలో చేరింది. అదే ఏడాది నవంబర్‌లో దాని నుంచి దాదాపు 3,500 కిలోమీటర్ల రేంజ్ ఉన్న కే-4 మిస్సైల్‌ను పరీక్షించారు.

మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగగానే చచ్చిపోతాయి. వీఎల్ఎఫ్ తరంగాలు మాత్రం పది, ఇరవై మీటర్ల లోతు వరకు వెళ్తాయి. సబ్‌మెరైన్ పైకి రాకుండా, పొడవాటి తీగలాంటి యాంటెన్నాను వెనకాల వదిలి సందేశం అందుకుంటుంది. అయితే ఇది వన్‌వే. సబ్‌మెరైన్ వింటుంది, జవాబివ్వదు. ఫోన్‌లా గొంతు వినిపించదు, చిన్న టెక్స్ట్ మెసేజ్ వెళ్తుంది అంతే. జవాబివ్వదు కాబట్టే దొరకదు. డోనిట్జ్ మనుషులు చేసిన తప్పు ఇక్కడ ఉండదు.

ఈ తరంగాల పొడవు కిలోమీటర్లలో ఉంటుంది. అందుకే వందల మీటర్ల టవర్లు, వాటి చుట్టూ విశాలమైన నేల కావాలి. సముద్రం పక్కనే ఉండాల్సిన పనిలేదు, తరంగాలు వేల కిలోమీటర్లు వెళ్తాయి. మనకు 1990 నుంచి తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఉంది. అదొక్కటే ఉంటే, యుద్ధంలో దానిపై దాడి జరిగితే సబ్‌మెరైన్లకు చెవులు మూసుకుపోయినట్టే. రెండో కేంద్రం అవసరం అక్కడి నుంచి వచ్చింది.

అడవి సంగతేంటి?

స్థానికులు, పర్యావరణవేత్తలు అడుగుతున్నవి కూడా గాలి మాటలు కావు. మూసీ నది పుట్టేది ఇదే వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో. హైదరాబాద్‌కు దగ్గర్లో మిగిలిన పెద్ద అడవుల్లో దామగుండం ఒకటి. చెట్లు ఎన్ని పోతాయి? పశువులు మేపుకునే ఊళ్ల పరిస్థితేంటి? గుడికి దారి ఎప్పటికీ ఉంటుందా? రేడియేషన్ భయం కూడా ఉంది. తిరునెల్వేలిలో ఇన్నేళ్లుగా ఇబ్బంది లేదని ప్రభుత్వం అంటోంది. వీఎల్ఎఫ్ అనేది ఎక్స్‌రే తరహా రేడియేషన్ కాదన్నది సైన్స్ చెప్పే మాట. ఆ భయం తీరినా, అడవి ప్రశ్న తీరదు.

ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తే చర్చ పక్కదారి పడుతుంది. రెండో వీఎల్ఎఫ్ కేంద్రం కావాలా అంటే, పైన చూసిన చరిత్ర మొత్తం అవుననే చెప్తోంది. కానీ ఎన్ని చెట్లు కొడుతున్నారు, బదులుగా ఎక్కడ నాటుతున్నారు, అవి బతుకుతున్నాయా అన్న లెక్క చెప్పడానికి రహస్యం అడ్డు కాదు. సబ్‌మెరైన్ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. చెట్ల లెక్క చెప్పొచ్చు కదా. 'దేశ భద్రత' అన్న ఒక్క మాటతో ఆ ప్రశ్నను మూసేయడం కరెక్ట్ కాదు. అలాగే అడిగినవాళ్లందరినీ దేశానికి అడ్డం అనడమూ సరికాదు.

ముందు ముందు ఏం జరగబోతోంది?

పాకిస్థాన్ చైనా నుంచి 8 కొత్త సబ్‌మెరైన్లు తీసుకుంటోంది. సగం చైనాలో, సగం కరాచీలో కట్టాలన్నది ఒప్పందం. వాటికి పెట్టిన పేరు హంగోర్ క్లాస్. అవును, ఖుక్రీని ముంచిన ఆ పేరే. మనవైపు నుంచి తీరానికి దగ్గరగా సబ్‌మెరైన్లను వేటాడే ఐఎన్ఎస్ అర్నాలా 2025 జూన్‌లో విశాఖలోనే నేవీలో చేరింది. విశాఖలోని ఎన్ఎస్‌టీఎల్ డిజైన్ చేసిన వరుణాస్త్ర టార్పెడోను భారత్ డైనమిక్స్ తయారు చేస్తోంది.

ఈసారి విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్తే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలోకి ఓసారి దిగి చూడండి. ఆ ఇరుకు దారిలో నెలల తరబడి మనుషులు ఎలా ఉన్నారో తెలుస్తుంది. అక్కడున్న రేడియో రూమ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బయటి ప్రపంచం నుంచి వాళ్లకు మాట అందేది అక్కడికే. ఇవాళ లోతుల్లో తిరుగుతున్న మనవాళ్లకు రేపు ఆ మాట దామగుండం నుంచి వెళ్లబోతోంది. అందుకోసం అడవి ఎంత ఇచ్చిందో, ఆ లెక్క ఆ ఊళ్లవాళ్లకు తెలియాలి.