క్రియోన్ వాదనా వినిపించాలి

గ్రీసులో మన ఇంటర్ మొదటి ఏడాది వయసు పిల్లలకు సోఫోక్లిస్ ‘ఆంటిగొనీ’ పాఠ్యాంశం. క్రీస్తుపూర్వం 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఆడిన నాటకమది. సొంత ఊరి మీదికే పరాయి సైన్యాన్ని తెచ్చి చచ్చిన పాలినైసీస్ శవాన్ని ఎవరూ పూడ్చకూడదని థీబ్స్ రాజు క్రియోన్ శాసిస్తాడు. తోబుట్టువు ఆంటిగొనీ లెక్కచేయదు, పట్టుబడుతుంది, ప్రాణం పోగొట్టుకుంటుంది. ధీరవనిత, దుర్మార్గపు రాజు అని రెండు ముక్కల్లో తేల్చేస్తే పాఠం చెప్పేవాళ్లకు తేలిక, మార్కులు వేసేవాళ్లకు ఇంకా తేలిక. రావణుడికి విభీషణుడి చేత అంత్యక్రియలు చేయించిన రాముడి కథ విని పెరిగిన మనమూ అటే మొగ్గుతాం. కానీ క్రియోన్ వాదన గట్టిగా వినిపించకపోతే ఆ నాటకం చదివించినా ఒకటే, మానేసినా ఒకటే.

ఏథెన్స్ వాళ్లు అతణ్ణి అంత తేలిగ్గా తీసిపారేయలేదు. ద్రోహిని తమ గడ్డ మీద పూడ్చకూడదన్న చట్టం వాళ్లకూ ఉండేది. క్రీస్తుపూర్వం 343లో వక్త డెమాస్థెనీస్ కోర్టులో తన ప్రత్యర్థి ఈస్కినీస్ మీద వాదిస్తూ, రాజ్యక్షేమం గురించి క్రియోన్ చేసే తొలి ప్రసంగాన్ని గుమాస్తా చేత చదివించాడు, అదీ ఆదర్శంగా! ఈస్కినీస్ ఒకప్పుడు ఆ వేషం కట్టిన నటుడే, అందుకే ఆ ఎత్తిపొడుపు. మరి క్రియోన్ ఎక్కడ చెడ్డాడు? ఊరు ఆంటిగొనీ కోసం కుమిలిపోతోందని కొడుకు హీమోన్ చెబితే చెవిన పెట్టడు. చివరికి గుడ్డి జ్యోతిషి టైరీసియస్ హెచ్చరికకు బెదిరినప్పుడు, ముందు తను గుహలో పెట్టి మూయించిన పిల్లను విడిపించమంటారు ఊరి పెద్దలు. అతను ముందు శవం దగ్గరికి వెళ్తాడు. కుక్కలు పీకగా మిగిలినదాన్ని కడిగించి, దహనం చేయించి, మట్టి దిబ్బ పోయించి, అప్పుడు గుహకు వెళ్తాడు. అప్పటికే ఆమె ఉరిపోసుకుంది.

క్రియోన్‌కు ఇంత చోటిస్తే నియంతలను వెనకేసుకొచ్చినట్టు కాదా అంటారు. ఆ భయం ఉత్తది కాదు. 1944లో జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో ఝాఁ అనూయ్ ఇదే కథను తిరగరాసి ఆడిస్తే, అందులో క్రియోన్ నోట పలికిన సమర్థన కొందరికి మింగుడుపడలేదు. అయినా, పసలేని వాదనను ధిక్కరించడంలో గొప్పేముంది? ఆంటిగొనీ ధైర్యాన్ని వివరించమని అడిగితే బట్టీ జవాబులే వస్తాయి. క్రియోన్ ముందు శవం దగ్గరికే ఎందుకు వెళ్లాడో అడగండి.