పలక మీద రాసే తేదీలు మాకొద్దు

మార్కాపురం అంటే మీకు పలకలు గుర్తొస్తాయి కదా. మా వెలిగొండ ముంపు ఊళ్లకు ప్రతి ప్రభుత్వమూ ఒక పలక పట్టుకొచ్చింది. తేదీ రాసింది, తుడిచేసింది.

1996లో ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అప్పటికి నేను పుట్టలేదు. ఇప్పుడు నా చేతిలో డిగ్రీ ఉంది. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు, పునరావాసం పూర్తి కాకుండానే.

సుంకేశుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, అక్కచెరువు తండా... మొత్తం 11 ఊళ్లు. నీళ్లు వచ్చాకే ఊరు మునుగుతుందనుకుంటున్నారా? ముంపు ఊరని పేరు పడిన రోజే సగం మునిగింది. అప్పు తెచ్చి ఇల్లెవరు కడతారు? రోడ్డు అడిగితే "పోయే ఊరికి రోడ్డెందుకు" అంటారు.

గాజాలో జబాలియా అనే శరణార్థి శిబిరం ఉంది. 1948లో ఊళ్లు పోగొట్టుకున్న పాలస్తీనా జనం గుడారాలు వేసుకున్నారు. తిరిగెళ్లే హక్కుందని అదే ఏడాది డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చేసింది. గుడారాలు ఇరుకు సందులయ్యాయి, మనవళ్లు అక్కడే ముసలివాళ్లయ్యారు. 2023 తర్వాతి దాడుల్లో ఆ సందులూ చాలావరకు నేలమట్టమయ్యాయి. మా మీద బాంబులు పడట్లేదు, వాళ్ల కష్టంతో మా కష్టాన్ని తూచను. వాళ్ల నుంచి నేర్చుకున్నది ఒక్కటే: "కొన్నాళ్లు ఓపిక పట్టండి" అన్న మాటకు గడువు లేకపోతే తరాలు కరిగిపోతాయి.

మేం నీళ్లకు అడ్డమని కొందరు అంటున్నారు. అబద్ధం! ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మన పడమటి ప్రకాశానికి కృష్ణా నీళ్లు రావాల్సిందే. ఆ నీళ్ల కోసమే మా చేలు ఇచ్చాం. మరి మా లెక్క ఎవరు తేలుస్తారు?

2013 భూసేకరణ చట్టం ఏం చెబుతోందో చదవండి. సాగునీటి ప్రాజెక్టైతే ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. పెళ్లయినా కాకున్నా, ఆడైనా మగైనా, వయసొచ్చిన ప్రతి మనిషీ వేరే కుటుంబమే. అంటే పాత జాబితాలో పసిపిల్లలుగా ఉండి ఇప్పుడు 18 దాటిన వాళ్లందరినీ లెక్కలోకి తీసుకోవాలి. ఆలస్యం ప్రభుత్వానిది, శిక్ష మా పిల్లలకా?

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి అన్నలారా, అక్కలారా! రేపు ఓట్లకొచ్చే నాయకుడు "నీళ్లెప్పుడు" అన్నదానికి జవాబు చెప్పేలోపు ఇంకో ప్రశ్న వేయండి: "ఆ 11 ఊళ్లవాళ్లు కొత్త ఇళ్లల్లో చేరారా?" జవాబు పలక మీద వద్దు. సంతకంతో కాగితం మీద ఇమ్మనండి.