ఓడిన కుక్కుటం



మకరసంక్రమణ పుణ్యకాలం సమీపించగానే మా ఐ.పోలవరం ప్రాంతంలో అర్చకునికి ఎదురయ్యే ప్రశ్నలు మారిపోతాయి. పితృతర్పణాలకు వేళ అడిగేవారు తగ్గి, "పంతులుగారండీ, భోగినాడు ఏ నక్షత్రమండి? డేగ గెలుస్తుందాండి, కాకి గెలుస్తుందాండి?" అనేవారు పెరుగుతారు. కుక్కుటశాస్త్రమనే చిన్న పుస్తకం వారి జేబులోనే ఉంటుంది. అయినా పంచాంగం చేతపట్టినవాని నోట వింటే ధైర్యమట. చాలా సంవత్సరాల క్రితం నేనూ చెప్పినాను. పరిచయస్థుడు అడిగినాడు, తిథివారనక్షత్రాలు చూచి వర్ణం చెప్పినాను. ఆ దోషాన్ని ఒప్పుకొనకుండా ఈ నాలుగు మాటలు వ్రాసే అధికారం నాకు లేదు.

ఆనాటి సాయంకాలం నివేదన ముగించి కాలువగట్టు మీదుగా ఇంటికి వస్తూండగా తుమ్మపొద మొదట ఒక పుంజు కనబడింది. ఒక రెక్క వ్రేలాడుతున్నది, ఒక కన్ను పోయినది. కాలికి కత్తి కట్టిన దారం అలాగే ఉన్నది. ఓడిన పుంజును మావైపు 'కోజ' అంటారు. దాని మాంసానికి గిరాకీ ఎక్కువ కనుక సాధారణంగా పారవేయరు. ఇది తినడానికైనా పనికిరానంతగా చితికినదేమో, విడిచి వెళ్ళినారు. చెంబులోని నీరు నోట పోసినాను. ఒక్క గుటక మ్రింగినది. కొంతసేపటికి ప్రాణం పోయినది. అది నేను చెప్పిన వర్ణమో కాదో చీకటిలో తెలియలేదు. మరునాడు ఆ పరిచయస్థుని అడిగే ధైర్యం నాకు లేకపోయినది.

ఆ పుంజును పెంచినవాడు క్రూరుడని నేననను. నెలల తరబడి దానికి బాదంపప్పు, ఉడికిన గ్రుడ్డు, చోళ్ళు, మాంసపు కైమా పెట్టి, నీటిలో ఈదించి, వేడినీట స్నానం చేయించి, బిడ్డను చూచినట్లు చూచి ఉంటాడు. నన్ను బాధించేది అదే. పెట్టిన చేతిని నమ్మి అది బరిలోనికి వెళ్ళినది. మనం పోషించే ప్రాణి మన పోష్యవర్గంలో చేరినట్లే. దాని విశ్వాసంతో జీవనం గడిపి, ఓడిన క్షణాన దానిని వస్తువుగా లెక్కించడం హింస మాత్రమే కాదు, కృతఘ్నత. ఎన్నో పాపాలకు ప్రాయశ్చిత్తం చెప్పిన పెద్దలు కృతఘ్నతకు నిష్కృతి లేదన్నారు. కిష్కింధాకాండలో సుగ్రీవుణ్ణి నిందిస్తూ లక్ష్మణస్వామి చెప్పిన అభిప్రాయమిదే.

"ఇది మన సంప్రదాయం" అనేవారికి శాస్త్రం చూపవలసి ఉన్నది. మనుస్మృతి జూదాన్ని రెండుగా విభజించినది: అప్రాణులతో ఆడేది ద్యూతం, ప్రాణులతో ఆడేది సమాహ్వయం. రెండింటినీ రాజు తన రాజ్యంనుండి తొలగించాలని, అవి బహిరంగమైన దొంగతనమేనని మనువు నిర్ణయం. యాజ్ఞవల్క్యుడు రాజాధికారి పర్యవేక్షణలో అనుమతించినాడన్న సంగతి దాచను; కాని అది ప్రభుత్వానికి చేరే పన్ను మాట, ధర్మప్రశంస కాదు. పల్నాటి కోడిపందాన్ని ఘనకార్యంగా చెప్పేవారు ఆ పందెం కారెంపూడి రణరంగందాకా సాగిన వైనం మాత్రం చెప్పరు. ఇక మురమళ్ళ సంగతి. దక్షయజ్ఞధ్వంసం తరువాత కూడా చల్లారని వీరభద్రుని ఉగ్రత భద్రకాళీ పరిణయంతో శాంతించిన క్షేత్రమది; వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరిగే ఆ ఊరి పేరు ప్రతి సంక్రాంతికీ పందెపు బరులతో పత్రికలకెక్కుతున్నది. సుబ్రహ్మణ్యస్వామి ధ్వజంపై కుక్కుటానికి మ్రొక్కే మనం, బరిలో దాని కాలికి కత్తి కడుతున్నాము. కత్తిలేని డింకీ పందెం నిర్దోషమనేవారూ ఉన్నారు. అక్కడా పొడుపులకు కళ్ళు పోతాయి.

1960 నాటి జంతుహింసా నిరోధక చట్టం ప్రాణులను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నిషేధించినది. 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం కూడా కోడిపందాలను అరికట్టుమన్నది. అయినా బరులు వెలుస్తూనే ఉన్నవి.

ఈ దోషం మన గోదావరిసీమకే పరిమితం కాదు. విదేశాలలో గ్రేహౌండ్ అనే సన్నని వేటకుక్కలను పరుగుపందాలకు పెంచుతారు. నాలుగైదేళ్ళకే వాటి పరుగు మందగిస్తుంది, ఆయుస్సు మాత్రం పదేళ్ళు దాటి ఉంటుంది. ఆ మిగిలిన ఆయుస్సే యజమానికి బరువు. 2018లో మకావులోని పందెపు మైదానం మూతపడినప్పుడు ఐదువందలకు పైగా కుక్కలు అక్కడే మిగిలిపోయినవి. జీవకారుణ్య సంఘాలవారు పూనుకొని వాటికి ఇళ్ళు వెదికినారు.

కుక్క అనగానే మహాప్రస్థానిక పర్వం స్ఫురిస్తుంది. తన వెంట నడచి వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గరథం ఎక్కనన్నాడు ధర్మరాజు. ఒకనాడు తమ్ములను, ధర్మపత్నిని పణంగా ఒడ్డిన ధర్మరాజే ఆయన! జూదంలో తనవారిని వస్తువులుగా లెక్కించినవాడు, చివరకు దేనికీ ఉపయోగపడని ఒక కుక్కను వస్తువుగా లెక్కించలేకపోయినాడు. ఆ రెండు ఘట్టాల మధ్య ఎంత దుఃఖం, ఎంత తపస్సు ఉన్నదో ఆలోచించండి.

నా తోటి అర్చకులకు ఒక్క మనవి. చట్టం మన చేతిలో లేదు, బరి మన చేతిలో లేదు. పంచాంగం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

మొన్న ధనుర్మాసంలో ఒక యువకుడు వచ్చి అదే ప్రశ్న వేసినాడు. "ఓడితే దానినేం చేస్తావు నాయనా?" అన్నాను. "ఓడితే ఇంకేముందండి, కోజే కదండి" అన్నాడు. "గెలిస్తే?" "కట్లు కట్టి మళ్ళీ దింపుతామండి." ప్రసాదం చేతిలో పెట్టినాను, వర్ణం చెప్పలేదు. అతడు కాసేపు నిలబడి, నమస్కరించి వెళ్ళిపోయినాడు. వేరొక పంతులుగారిని అడిగే ఉంటాడు.